నెమరు సంచిలోని సూక్ష్మజీవులు

ఆవు, గేదె, గొర్రె, మేక వంటి నెమరువేసే జంతువుల పొట్టలో మొదటి గదిని రూమెన్ అంటారు. తెలుగులో పెద్దపొట్ట, నెమరు సంచి అన్న పేర్లున్నాయి. అందులో ఉంటూ మేతను పులియబెట్టే బ్యాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు, ఆర్కియాల సముదాయమే రూమెన్ సూక్ష్మజీవులు. పశువు గడ్డి తిని బతకగలగడం వీటి వల్లే.

గడ్డిలో అధికభాగం పీచు. పీచులో ముఖ్యమైన సెల్యులోజ్ గ్లూకోజు అణువుల గొలుసే. బియ్యంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజు గొలుసే. తేడా అంతా ఆ అణువులు ఒకదానితో ఒకటి ముడిపడ్డ తీరులో ఉంది. పిండిపదార్థం ముడి విప్పే ఎంజైము మనిషి లాలాజలంలోనే దొరుకుతుంది. సెల్యులోజ్ ముడి విప్పే ఎంజైమును మాత్రం మనిషి తయారుచేసుకోలేడు, ఆవూ తయారుచేసుకోలేదు. క్షీరదాలన్నిటికీ ఈ లోటు ఉంది. గడ్డివాములో ఉన్నదంతా ఒకరకంగా చక్కెరే, కానీ దాని తాళంచెవి సూక్ష్మజీవుల దగ్గరుంది.

వాటిని పొట్టలో ఉంచుకున్న జంతువులు వేరేవీ ఉన్నాయి. గుర్రం, కుందేలు వంటివాటిలో పులియబెట్టే గది చిన్నపేగు దాటాక వస్తుంది. నెమరువేసే జంతువుల్లో అది ముందే వస్తుంది. ఈ వరస వల్ల జరిగేది ఏమిటంటే, పశువు మేసిన మేతకు సూక్ష్మజీవులు తొలి పంక్తిలో కూర్చుంటాయి, పశువుది రెండో పంక్తి. తొలి పంక్తివాళ్లు వదిలిన ఆమ్లాలు, చివరికి ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లు కూడా దానికి ఆహారమవుతారు. ఈ ఏర్పాటు నాసిరకం మేతను మంచి ఆహారంగా మారుస్తుంది. మంచి మేతను మాత్రం కొంత వృథా చేస్తుంది. పశుపోషణలో ఎదురయ్యే చాలా చిక్కులకు మూలం ఇక్కడుంది.

పొట్ట నిర్మాణం

ఎదిగిన పశువు పొట్టలో నాలుగు గదులు: రూమెన్, రెటిక్యులం, ఒమేసం, అబోమేసం. బోటి కడిగే అలవాటున్నవాళ్లు వీటిని చూపుతోనే పోల్చగలరు. లోపలివైపు నూగు ఉన్న ముక్క రూమెన్‌ది, గళ్లుగళ్లుగా ఉన్నది రెటిక్యులం, పొరలు పొరలుగా విడేది ఒమేసం, నున్నగా జిగురుగా ఉండేది అబోమేసం. మన జీర్ణాశయంలా ఆమ్లాన్నీ జీర్ణరసాలనూ స్రవించేది ఈ నాలుగోది ఒక్కటే. మొదటి మూడింటిలో పశువు సొంత జీర్ణరసం ఒక్క చుక్క కూడా ఊరదు.

ఎదిగిన ఆవు రూమెన్‌లో 100 నుంచి 200 లీటర్లు పడుతుంది. గొర్రెలో పది లీటర్ల చుట్టూ ఉంటుంది. పొట్ట ఎడమవైపంతా దాదాపు ఇదే ఆక్రమిస్తుంది. లోపల ఎప్పుడూ 39 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆక్సిజన్ దాదాపు శూన్యం, పీహెచ్ మామూలుగా 6కూ 7కూ మధ్య. సరుకు మూడు అంతస్తులుగా ఉంటుంది. పైన వాయువు, దాని కింద తేలే గడ్డి చాప, అడుగున ద్రవమూ నానిన తునకలూ. రూమెన్ గోడ నిమిషానికి ఒకటి రెండు సార్లు ముడుచుకుని దీన్నంతా కలియబెడుతుంది. పశువైద్యుడు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి కాసేపు నిలబడేది ఈ కదలికలు లెక్కపెట్టడానికే. డొక్కలో కదలిక లేదంటే లోపల పులియడం ఆగిపోయిందనో, దారితప్పిందనో అనుమానించాలి.

పశువు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరువేస్తుంది. తొందరగా మింగిన గడ్డిని ముద్దలుగా వెనక్కి తెచ్చి నమలడం వల్ల గడ్డి చీలి, సూక్ష్మజీవులకు అంటుకోవడానికి కొత్త అంచులు దొరుకుతాయి. అంతకంటే ముఖ్యమైన లాభం లాలాజలం. పెద్ద ఆవు రోజుకు 100 లీటర్లకు మించి లాలాజలం మింగుతుంది. అందులోని బైకార్బొనేటు, ఫాస్ఫేటు రూమెన్‌లో పుట్టే ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరుస్తాయి. గడ్డి తగ్గించి పిండి దాణా పెంచితే నెమరు తగ్గుతుంది, నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే లోపల ఆమ్లం ఎక్కువ పుడుతుంది. ఈ మూడూ ఒకేసారి వచ్చి పడతాయి కాబట్టే మేత మార్పును నిదానంగా చేయమంటారు.

అందులో ఎవరుంటారు

1843లో ఫ్రాన్స్‌లో గ్రూబీ, డెలాఫోన్ అనే ఇద్దరు రూమెన్ ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో ఈదులాడుతున్న ప్రాణులను వర్ణించారు. వాళ్లు చూసినవి ప్రోటోజోవా. పరిమాణంలో పెద్దవి కాబట్టి ముందు కంటబడ్డాయి. బ్యాక్టీరియా సంగతి తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. గాలి తగిలితే చచ్చిపోయేవాటిని ప్రయోగశాలలో పెంచడం ఎవరికీ చేతకాలేదు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ ఆ దారి తెరిచాడు. గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ నింపి, కరిగిన అగర్‌ను గోడల మీద పలచటి పొరగా పేరుకునేలా గొట్టాన్ని దొర్లించి, మూత బిగించేవాడు. గొట్టం గోడ మీద ఒక్కో బ్యాక్టీరియా ఒక్కో చుక్కగా ఎదిగేది. 1966లో ఆయన రాసిన రూమెన్ గ్రంథం ఈ శాస్త్రానికి పునాది.

రూమెన్ ద్రవం ఒక మిల్లీలీటరులో బ్యాక్టీరియా వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా ఉంటాయి. పీచును తినేవాటిలో పేరున్నవి ఫైబ్రోబ్యాక్టర్ సక్సినోజీన్స్, రూమినోకాకస్ ఆల్బస్, రూమినోకాకస్ ఫ్లేవిఫేసియన్స్. సంఖ్యలో మాత్రం ప్రివోటెల్లా జాతివి చాలాచోట్ల ముందుంటాయి. అవి పిండిపదార్థం, హెమిసెల్యులోజ్, మాంసకృత్తులు ఏది దొరికితే అది తింటాయి. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 35 దేశాల్లో 32 జాతుల జంతువుల నుంచి 742 నమూనాలు తెచ్చి పోల్చింది. ఖండాలు వేరైనా, జంతువులు వేరైనా ముఖ్యమైన బ్యాక్టీరియా కుటుంబాలు దాదాపు అవే ఉన్నాయి. వాటి పాళ్లను మేత ఎక్కువగా మార్చింది, జంతువు జాతి అంతకంటే తక్కువ. హంగేట్ పేరిట జరిగిన మరో ప్రాజెక్టు 2018 నాటికి 501 రూమెన్ సూక్ష్మజీవుల జన్యుపటాలను అందుబాటులోకి తెచ్చింది.

ప్రోటోజోవా మిల్లీలీటరుకు పదివేల నుంచి పది లక్షల దాకా ఉంటాయి. లెక్కకు తక్కువైనా ఒక్కొక్కటీ పెద్దది కాబట్టి మొత్తం సూక్ష్మజీవుల బరువులో ఒక్కోసారి సగం వాటిదే. ఎంటోడీనియం వంటివి పిండి రేణువులను మింగి కడుపులో దాచుకుంటాయి. పిండిపదార్థం ఒక్కసారిగా పులిసిపోకుండా అది కొంత అడ్డు. బ్యాక్టీరియాను కూడా అవి మేస్తాయి. రూమెన్‌లో తయారైన మాంసకృత్తులు పేగు చేరకముందే కొంత ఖర్చయిపోవడానికి కారణం ఇదే. ప్రోటోజోవా లేకుండా పెంచిన గొర్రెలు బాగానే బతుకుతాయి, కొన్ని మేతల మీద బాగా ఎదుగుతాయి కూడా. కాబట్టి వీటిని ఉపకారులని పూర్తిగా మెచ్చుకోలేం.

శిలీంధ్రాల కథ ఇంకా ఆలస్యంగా బయటపడింది. మేత పడిన కొద్దిసేపటికి రూమెన్ ద్రవంలో తోకలున్న చిన్న ప్రాణులు గుంపులుగా కనిపించి, గంటల్లో మాయమయ్యేవి. ప్రోటోజోవాలోనే ఒక రకమని అనుకునేవారు. శిలీంధ్రాలకు ఆక్సిజన్ తప్పనిసరి అన్నది ఆనాటి పాఠం. 1975లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త కోలిన్ ఆర్పిన్ అవి నియోకాల్లిమాస్టిక్స్ అనే శిలీంధ్రం వదిలే ఈదే బీజాలని చూపాడు. మేత పడగానే అవి బయటికొచ్చి, కొత్త గడ్డిని వెతుక్కుని అంటుకుని, వేర్లవంటి తంతువులను కాడ లోపలికి దించుతాయి. ద్రవంలోంచి మాయమైనట్టు కనిపించింది అందుకే.

నాలుగో వర్గం ఆర్కియా. చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే వంశం. మీథేన్ తయారుచేసేవి ఇవే. మెథనోబ్రెవిబ్యాక్టర్ జాతివి వీటిలో ఎక్కువ. బ్యాక్టీరియాను చంపే వైరసులూ రూమెన్‌లో విస్తారంగా ఉంటాయి.

వరిగడ్డి పోచకు ఏమవుతుంది

గడ్డి పోచ పైన మైనపు పొర ఉంటుంది. వరిగడ్డిలో దానికి తోడు ఇసుకలో ఉండే సిలికా కూడా ఎక్కువే. బయటి నుంచి దాడి చేయడం దాదాపు అసాధ్యం. బ్యాక్టీరియా కోసిన కొనల నుంచి, పళ్ల కింద చీలిన చోట్ల నుంచి, ఆకు రంధ్రాల నుంచి లోపలికి చొరబడి, లోపలి గోడలను బయటివైపు తినుకుంటూ వస్తాయి. మేత పడిన నిమిషాల్లోనే అంటుకోవడం మొదలవుతుంది. ఫైబ్రోబ్యాక్టర్ సెల్యులోజ్ పోగును కరుచుకుని, తాను ఆనిన మేరకు గుంట పడేలా కొరుక్కుపోతుంది. రూమినోకాకస్ ఫ్లేవిఫేసియన్స్ ఎంజైములను విడివిడిగా వదలకుండా, అన్నిటినీ ఒక చట్రానికి బిగించి ఒంటి మీదే పెట్టుకుంటుంది. విడిపించిన చక్కెర పక్కవాడి పాలు కాకుండా ఉండటానికి అదొక ఉపాయం. అయినా కొంత జారిపోతుంది. దాని మీద బతికే బ్యాక్టీరియా పోచ చుట్టూ పొరలు కడతాయి.

లిగ్నిన్ దగ్గర పని ఆగిపోతుంది. కాడకు గట్టిదనమిచ్చే ఈ పదార్థాన్ని విడగొట్టాలంటే ఆక్సిజన్ కావాలి, రూమెన్‌లో అది లేదు. పంట ముదిరేకొద్దీ లిగ్నిన్ పెరిగి, సెల్యులోజ్‌ను చుట్టేసి కాపలా కాస్తుంది. పూత దశలో కోసిన జొన్న చొప్పకూ, కంకి కోసుకున్నాక మిగిలిన చొప్పకూ పాల దగ్గర తేడా రావడానికి ఇదొక ముఖ్య కారణం.

పరిశోధనశాలల్లో ఈ పనిని కళ్లారా చూస్తారు. శస్త్రచికిత్సతో ఎడమ డొక్కలో అమర్చిన మూతగల రంధ్రం నుంచి, తూచిన గడ్డి పోసిన నైలాన్ సంచులను రూమెన్‌లోకి వేలాడదీస్తారు. గంటల లెక్కన ఒక్కోటి తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. లేత పచ్చిమేత ఒకరోజులో చాలావరకు కరిగిపోతుంది. వరిగడ్డి సంచిలో రెండు రోజుల తర్వాత కూడా గుప్పెడు గడ్డి గడ్డిలాగే ఉంటుంది.

ఆమ్లాల నుంచి పాల దాకా

సూక్ష్మజీవులు చక్కెరను తమ బతుకుకు వాడుకుని ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను బయటికి వదులుతాయి. ఆక్సిజన్ లేదు కాబట్టి చక్కెరలోని శక్తిని అవి పూర్తిగా పిండుకోలేవు. ఆ మిగులే పశువుకు జీవనాధారం. సెల్యులోజ్ పులిస్తే ఆమ్లాలు పుడతాయని జర్మనీలో టాపైనర్ 1884లోనే చూపాడు. అవి రూమెన్ గోడ గుండా రక్తంలోకి పోతాయని కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్ బృందం 1944లో నిరూపించింది. పశువుకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ మూడు ఆమ్లాల నుంచే వస్తుంది. రూమెన్ గోడ మీది నూగు ఆ ఆమ్లాలను పీల్చుకోవడానికే.

గడ్డి మీద బతికే పశువులో ఎసిటిక్ ఆమ్లం మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. దాణా పెరిగితే ప్రొపియోనిక్ వాటా పెరుగుతుంది. ఈ తేడా పాలలో తెలుస్తుంది. ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాల నుంచి పొదుగు వెన్న తయారుచేస్తుంది. ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కాలేయం గ్లూకోజుగా మారుస్తుంది. మేతలోని చక్కెర సూక్ష్మజీవుల దగ్గరే ఖర్చయిపోతుంది కాబట్టి, పశువు తనకు కావలసిన గ్లూకోజును ఇలా కొత్తగా తయారుచేసుకోవాల్సిందే. రోజుకు 10 లీటర్ల పాలిచ్చే ఆవు లాక్టోజ్ రూపంలో పాలలోకే దాదాపు అర కిలో చక్కెర పంపుతుంది. మేతలో చక్కెర తిని రక్తంలోకి చక్కెర పంపే మనిషికి ఈ ప్రయాస తెలియదు.

పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి డబ్బిచ్చే చోట, దాణా పెంచితే పాలు పెరిగాయి గానీ వెన్న పడిపోయిందన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ఎసిటిక్ వాటా తగ్గడం ఒక్కటే దీనికి కారణం కాదు. పచ్చిమేతలోనూ చెక్కలోనూ ఉండే నూనెలు అసంతృప్తమైనవి. రూమెన్ బ్యాక్టీరియాకు అవి విషప్రాయం కాబట్టి హైడ్రోజన్ చేర్చి సంతృప్త కొవ్వులుగా మారుస్తాయి. నెయ్యి చలికి గడ్డకట్టడానికి ఇదొక కారణం. పీచు తగ్గి, పిండిపదార్థమూ నూనే పెరిగినప్పుడు ఈ మార్పు దారి తప్పి, మధ్యలో పుట్టే కొన్ని కొవ్వు ఆమ్లాలు పొదుగుకు చేరి వెన్న తయారీనే అణిచేస్తాయి. నూనె మరీ ఎక్కువైతే పీచు మీద పొరలా పట్టి అసలు పనికే అడ్డొస్తుంది. నూనె తీయని తవుడును ఇష్టం వచ్చినంత పెట్టకూడదని చెప్పేది అందుకే.

మాంసకృత్తుల మారకం

రూమెన్‌లో ఎక్కువ మాంసకృత్తులు ముక్కలై అమోనియా అవుతాయి. బ్యాక్టీరియా ఆ అమోనియానే పట్టుకుని తమ ఒంటి మాంసకృత్తులను కట్టుకుంటాయి. తర్వాత మేతతోపాటు అబోమేసంలోకి జారి, ఆమ్లంలో చచ్చి, చిన్నపేగులో జీర్ణమవుతాయి. పశువుకు అందే అమైనో ఆమ్లాల్లో సగానికి పైగా ఇలా వచ్చినవే. గుర్రంలోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి, కానీ చిన్నపేగు దాటాక పెరుగుతాయి కాబట్టి వాటి మాంసకృత్తులు ఎక్కువగా పేడలో పోతాయి. కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తిని ఆ నష్టం పూడ్చుకుంటుంది.

బ్యాక్టీరియాను అరిగించుకోవడానికి ఆవు తన జీర్ణరసాలను మార్చుకుంది. లైసోజైమ్ అనే ఎంజైము మన కన్నీళ్లలో క్రిములతో పోరాడుతుంది. ఆవు అబోమేసంలో అదే ఎంజైము ఆమ్లానికి తట్టుకునే రూపంలో, బ్యాక్టీరియా గోడలు పగలగొట్టే పనిలో ఉంటుంది. మన ఊళ్ల చుట్టూ తిరిగే కొండముచ్చు కూడా పొట్ట ముందుభాగంలో ఆకులను పులియబెట్టుకునే జంతువే. 1987లో స్టివర్ట్, షిల్లింగ్, విల్సన్ కొండముచ్చు లైసోజైమ్‌ను పరీక్షిస్తే, ఆవు లైసోజైమ్‌లో వచ్చిన మార్పులే కొన్ని అందులోనూ విడిగా వచ్చినట్టు తేలింది. జీవపరిణామ పాఠ్యపుస్తకాలు ఈ ఉదాహరణను ఇప్పటికీ వాడుతున్నాయి. బ్యాక్టీరియా ఒంట్లో ఆర్ఎన్ఏ పుష్కలం. దాన్ని కత్తిరించే ఎంజైము ఆవు క్లోమంలో అంత విరివిగా దొరకడం ఆ కారణంగానే. ప్రొటీన్ల నిర్మాణం మీద 1972లో రసాయన నోబెల్ తెచ్చిన పరిశోధనలు ఆ ఆవు ఎంజైము మీద జరిగాయి.

అమోనియా ఎక్కడి నుంచి వచ్చిందన్నది బ్యాక్టీరియాకు పట్టదు. 1945లో నోబెల్ అందుకున్న ఫిన్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆర్తురి విర్తానెన్ దీన్ని చివరంటా తీసుకెళ్లాడు. మాంసకృత్తులు ఏమాత్రం లేకుండా పిండిపదార్థం, చక్కెర, సెల్యులోజ్‌తో పాటు యూరియా, అమోనియం లవణాలు పెట్టి ఆవులను పాలకు నిలిపాడు. 1966లో ఆ ఫలితాలు ప్రచురించాడు. పశువు కూడా ఈ లెక్క ఎరుగును. రక్తంలోని యూరియాను అంతా మూత్రంలో వదిలేయకుండా కొంత లాలాజలం ద్వారా, రూమెన్ గోడ ద్వారా వెనక్కి పంపుతుంది. గడ్డి కరువైన ఎండాకాలంలో బక్కచిక్కిన పశువు ఈ పొదుపు మీదే నెట్టుకొస్తుంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. బ్యాక్టీరియాకు నత్రజని చాలక, కళ్లముందున్న సెల్యులోజ్‌ను కూడా తినలేవు. ఇక్కడ యూరియా అక్కరకొస్తుంది. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెడతారు. పుట్టిన అమోనియా లిగ్నిన్ పట్టును కొంత వదులు చేస్తుంది, నత్రజనినీ ఇస్తుంది. కుప్ప విప్పాక ఘాటు పోయేదాకా ఆరనివ్వాలి. నెమరు పట్టని దూడలకు ఇది పెట్టకూడదు. యూరియాను నేరుగా నీళ్లలో తాగినా, ఒక్కసారి ఎక్కువ తిన్నా బ్యాక్టీరియా అందుకోలేనంత అమోనియా పుట్టి రక్తంలోకి పోయి ప్రాణం తీస్తుంది. వెనిగర్‌నూ చల్లటి నీళ్లనూ పట్టించేది ఆ అమోనియాను కట్టేయడానికే. ఇంత తేలికైన పద్ధతి చాలా ఊళ్లలో నిలదొక్కుకోకపోవడానికి శాస్త్రం కంటే చాకిరీయే కారణమని నా అభిప్రాయం. తొక్కి కప్పే పనికి మనుషులు కావాలి, గడ్డి కట్టలుగా వచ్చాక ఆ ఓపిక తగ్గింది.

ఖరీదైన చెక్క విషయంలో ఇదే ఏర్పాటు నష్టం తెస్తుంది. వేరుశనగ చెక్కలోని మేలైన మాంసకృత్తులు కూడా రూమెన్‌లో అమోనియా అయిపోతాయి. బ్యాక్టీరియాకు సరిపడా పిండిపదార్థం అదే సమయంలో అందకపోతే ఆ అమోనియా యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ఎక్కువ పాలిచ్చే పశువులకు చెక్కను వేడితోనో రసాయనంతోనో సిద్ధం చేసి, రూమెన్ తాకకుండా పేగు చేరేలా చూస్తారు. బైపాస్ ప్రొటీన్ అని దుకాణాల్లో అమ్మేది ఇదే.

విటమిన్లు, విషాలు

బి విటమిన్లన్నీ రూమెన్‌లోనే తయారవుతాయి. బి12 తయారీకి కోబాల్ట్ కావాలి. దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో పచ్చిక పుష్కలంగా ఉన్న పొలాల్లో గొర్రెలు ఆకలి చచ్చి, చిక్కి శల్యమై చనిపోయేవి. నేలలో కోబాల్ట్ లేకపోవడమే కారణమని 1935లో అక్కడి పరిశోధకులు పట్టుకున్నారు. నోటి ద్వారా రవ్వంత కోబాల్ట్ ఇస్తే గొర్రె కోలుకునేది, రక్తంలోకి ఎక్కిస్తే లాభం ఉండేది కాదు. బి12ను 1948లో వేరుచేశాక గానీ ఈ వింత అర్థం కాలేదు. లోటు గొర్రెది కాదు, రూమెన్‌లోని బ్యాక్టీరియాది.

విషాల విషయంలో సుబాబుల్ ఉదాహరణ తెలుగువాళ్లకు దగ్గరిది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో కాగితపు గుజ్జు కోసం విస్తారంగా వేసే ఈ చెట్టు ఆకు మాంసకృత్తులతో నిండిన మేత. కానీ అందులోని మైమోసిన్ జుట్టు రాలగొడుతుంది. అది రూమెన్‌లో మారి పుట్టే మరో పదార్థం థైరాయిడ్‌ను ఉబ్బిస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులు దీంతో దెబ్బతింటుంటే, హవాయిలో మేకలు అదే ఆకు హాయిగా మేయడం రేమండ్ జోన్స్ గమనించాడు. 1980లలో హవాయి మేకల రూమెన్ ద్రవాన్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. ఒక పశువుకు ఎక్కిస్తే మందలో మిగతావాటికీ అంటుకుంది. ఆ పని చేసిన బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు మీద సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. సుబాబుల్ ఆకును మేతలో మూడో వంతుకు మించనివ్వకపోవడం ఇప్పటికీ మంచి జాగ్రత్తే.

అన్నిసార్లూ సూక్ష్మజీవులు రక్షించవు. వాన లేక వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకల్లో సయనైడ్ చక్కెరతో ముడిపడి ఉంటుంది. రూమెన్ బ్యాక్టీరియా ఆ ముడి విప్పేసి సయనైడ్‌ను విడుదల చేస్తాయి. రైతుల మాటలో ఇదే నాము. పొట్టలో ఆమ్లం ముందుగా ఎదురయ్యే పంది, గుర్రం దీన్ని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి, ఆవు తట్టుకోలేదు.

లయ తప్పినప్పుడు

పెళ్లిలో మిగిలిన అన్నం పారబోసిన చోట గేదె కడుపునిండా తిని, మర్నాటికి పడిపోవడం పశువైద్యులు ఏటా చూసే కేసు. గడ్డికి అలవాటుపడ్డ రూమెన్‌లో అంత పిండిపదార్థం ఒక్కసారి పడితే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. మెగాస్ఫేరా ఎల్స్‌డెనీ వంటివి ఆ ఆమ్లాన్ని తినగలవు, కానీ అవి పెరిగే వేగం చాలదు. పీహెచ్ 5 కిందికి జారేసరికి పీచును తినే బ్యాక్టీరియా, ప్రోటోజోవా చచ్చిపోతాయి, రూమెన్ కదలడం మానేస్తుంది. చిక్కబడ్డ ఆమ్లం ఒంట్లోని నీటిని పొట్టలోకి లాగుతుంది. తినే సోడా పట్టించడం, సెలైన్ ఎక్కించడం, ముదిరితే పొట్ట కోసి సరుకు తీసేయడం చికిత్స. కోలుకునే పశువుకు ఆరోగ్యమైన పశువు రూమెన్ ద్రవాన్ని వడకట్టి పట్టించే పద్ధతి ఉంది. మూసిన దుకాణాన్ని సరుకుతో సహా మళ్లీ తెరవడానికి ఇంతకంటే త్వరితమైన మార్గం లేదు.

లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేత ఎక్కువ తింటే వాయువు సబ్బు నురగలా చిక్కుకుని తేన్పుగా బయటికి రాదు. పెద్ద ఆవులో మేత తిన్నాక గంటకు 30 నుంచి 50 లీటర్ల వాయువు పుట్టవచ్చు. తేన్పు ఆగితే డొక్క ఎంత త్వరగా ఉబ్బుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. నూనె పట్టిస్తే నురగ విరుగుతుంది. తొలకరి పచ్చిక మేసిన గొర్రెపిల్లలను హఠాత్తుగా చంపే చిటుక రోగం మాత్రం రూమెన్‌ది కాదు. అది పేగులో ఉండే క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా వదిలే విషం. వానలకు ముందే ఈటీ టీకా వేయించడం దానికి విరుగుడు.

దూడ పొట్ట

పుట్టిన దూడలో అబోమేసమే పెద్దది, రూమెన్ ముడుచుకుపోయిన సంచి. పాలు చీకినప్పుడు అన్నవాహిక చివర ఒక మడత గొట్టంలా మూసుకుని పాలను రూమెన్ తప్పించి అబోమేసంలోకి పంపుతుంది. జున్నుపాలు సూక్ష్మజీవుల పాలు కాకుండా దూడకు దక్కేది ఇందువల్లే. మొదటి కొద్ది రోజుల్లోనే తల్లి నాకుడు నుంచి, పొదుగు నుంచి, పాక నేల నుంచి బ్యాక్టీరియా, ఆర్కియా వచ్చి చేరతాయి. ప్రోటోజోవాకు మాత్రం మరో పశువు ఎంగిలి తగలాలి. రెండో వారం నుంచి కాస్త దూడ దాణా, లేత గడ్డి నోటికి అందించమనేది బలం కోసమే కాదు. దాణా పులిసి పుట్టే బ్యుటిరిక్ ఆమ్లం వల్లే రూమెన్ గోడ మీద నూగు ఎదుగుతుంది.

మీథేన్

పులియడంలో హైడ్రోజన్ మిగిలిపోతుంది. అది పేరుకుపోతే బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. ఆర్కియా దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చి వదిలించుకుంటాయి. ఆవు రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేన్‌ను, ఎక్కువగా తేన్పుల ద్వారానే, గాలిలోకి వదులుతుంది. మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం ఇలా పోతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు 19.25 కోట్లు, గేదెలు 10.98 కోట్లు, గొర్రెలు 7.43 కోట్లు. గొర్రెల్లో తెలంగాణ మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. మన పశువు రోజువారీగా వదిలేది విదేశీ పశువు కంటే తక్కువే. పాలు తక్కువ కాబట్టి లీటరు లెక్కన చూస్తే ఎక్కువ పడుతుంది.

ఆర్కియాను అణిచే మందులు వచ్చాయి. మీథేన్ తయారీలో చివరి ఎంజైమును ఆపే 3-నైట్రాక్సీప్రొపనాల్‌కు 2022లో ఐరోపా, 2024లో అమెరికా అనుమతిచ్చాయి. ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర సముద్రపు నాచులోని బ్రోమోఫామ్ కూడా అదే పని ఇంకా గట్టిగా చేస్తుంది, కానీ ఆ పదార్థం పాలలోకి వస్తుందా అన్న జాగ్రత్త తప్పదు. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కలతో హరిత్ ధారా అనే మిశ్రమం రూపొందించింది. దాంతో 17 నుంచి 20 శాతం మీథేన్ తగ్గిందని ప్రకటించింది. ఇవన్నీ రోజూ దాణాలో కలిపి పెట్టాల్సినవి. దాణా మొహం చూడకుండా బీళ్లలో తిరిగే మందకు అవి చేరేదెలా అన్నది తేలలేదు.

న్యూజిలాండ్ వేరే దారి పట్టింది. అక్కడ మీథేన్ తక్కువ వదిలే గొర్రెలను తరాల తరబడి ఎంపిక చేస్తే ఆ గుణం పిల్లలకూ వచ్చింది. వాటి రూమెన్ కాస్త చిన్నదని, మేత అందులో తక్కువసేపు నిలుస్తుందని పరీక్షల్లో తేలింది. ఏడాది పొడవునా లేత పచ్చిక దొరికే చోట దీనివల్ల నష్టం లేదు. వేసవి మూడు నెలలు ఎండు మోళ్లమీద, తుమ్మకాయల మీద బతికే దక్కనీ గొర్రె సంగతి వేరు. ముతక మేతను రెండు మూడు రోజులు ఆపి నానబెట్టే పెద్ద సంచి లేకపోతే ఆ మేతలో దానికి దక్కేది చాలా తక్కువ.